మొరైన్ వయసు తేల్చాలంటే మట్టి గొయ్యి తవ్వాలా, బండరాయి ముక్క ల్యాబ్‌కి పంపాలా?

కొండ లోయల్లో హిమానీనదాలు రాళ్లూ మట్టీ తోసుకొచ్చి వదిలేసిన దిబ్బల మీద, అంటే మొరైన్ల మీద, ఎమ్మెస్సీ ప్రాజెక్టో పీహెచ్‌డీయో చేయబోతున్నవాళ్లకి మొదట ఎదురయ్యే ప్రశ్న వయసు. ఈ దిబ్బ ఎప్పటిది? ఈ రోజుల్లో ఎవరిని అడిగినా బెరీలియం-10 చేయించు అంటారు, అంటే బండ ఎన్నాళ్లుగా బయట పడి ఉందో దానిలో పుట్టిన అరుదైన పరమాణువుల లెక్కతో చెప్పే పద్ధతి. పాతతరం ప్రొఫెసర్లయితే గొయ్యి తవ్వి మట్టి పొరలు చూడమంటారు. ఇద్దరి మాటా వినాల్సిందే. కానీ ఏది ముందు, ఏది దేనికి అన్నది తేల్చుకోకుండా కొండెక్కితే ఒక సీజనూ గ్రాంటు డబ్బూ తప్పు దిబ్బ మీద ఖర్చయిపోతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు మట్టి చూడండి, తర్వాతే రాయి కొట్టండి. మట్టి మీకు సంవత్సరాలు చెప్పదు, ఏ దిబ్బ ఏ దిబ్బతో ఒక జట్టో, ఏది అస్సలు కలవదో చెబుతుంది. ఆ జట్లు కట్టుకోకుండా పంపిన శాంపిల్‌కి ఎంత ఖచ్చితమైన అంకె వచ్చినా దాన్ని ఏ దశకి కట్టాలో తెలీక తల పట్టుకుంటారు.

అంకె కావాలా, వరస కావాలా

మీ ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. "గత మంచుయుగం చివర్లో ఈ లోయలో హిమానీనదం 18,000 ఏళ్ల కిందట వెనక్కి తగ్గిందా, 15,000 ఏళ్ల కిందటా?" అన్నది మీ ప్రశ్న అయితే మట్టి జోలికి వెళ్లకండి, ఆ తేడా మట్టికి కనపడదు. "ఈ లోయలో ఆరు దిబ్బలున్నాయి, ఇవి ఎన్ని మంచుదశలవి, ఏవి గత మంచుయుగానివి, ఏవి అంతకు ముందువి?" అన్నది ప్రశ్న అయితే మట్టి కంటే చవగ్గా, నమ్మకంగా చెప్పేది ఇంకోటి లేదు. చాలామంది రెండో ప్రశ్నకి జవాబు తెలిసిపోయిందనుకుని మొదటి ప్రశ్నతో మొదలుపెడతారు, గొడవంతా అక్కడే.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని విండ్ రివర్ పర్వతాలు. 1915లో ఎలియట్ బ్లాక్‌వెల్డర్ అక్కడి దిబ్బలు చూసి మంచుదశలకి పేర్లు పెట్టాడు, వాటిలో ఇక్కడ మనకి కావలసినవి రెండు: పాతది బుల్ లేక్, కొత్తది పైన్‌డేల్. రాకీ పర్వతాలంతటా ఈ రెండు పేర్లే ఇప్పటికీ వాడుతున్నారు. అప్పటికి రేడియోకార్బనూ లేదు, బెరీలియమూ లేదు. దిబ్బ ఆకారం, దాని మీద రాళ్ల పరిస్థితి, ఏ దిబ్బ దేనికి బయట ఉంది, అంతే. పైన్‌డేల్ దిబ్బలకి శిఖరం సన్నగా ఉంటుంది, వాలు నిటారుగా ఉంటుంది, మీద ఎక్కడ చూసినా బండలే. బుల్ లేక్ దిబ్బలు వెడల్పుగా, గుండ్రంగా అణిగిపోయి ఉంటాయి, పైన బండలు తక్కువ.

ఇక గొయ్యి తవ్వితే తేడా ఇంకా స్పష్టం. పైన్‌డేల్ దిబ్బలో పైన పల్చటి నల్లమట్టి, దాని కింద కొద్దిగా గోధుమరంగుకి తిరిగిన పొర, మట్టి రంగుని పోల్చి రాసుకునే మన్సెల్ రంగుల చార్టులో ఎక్కువగా 10వైఆర్ పేజీ దాటదు, బంకమట్టి పెరిగినట్టు చేతికి పెద్దగా తెలీదు. బుల్ లేక్ దిబ్బలో బీ పొర, అంటే పైన నల్లమట్టి కింద రంగూ బంకా పేరుకునే పొర, మందంగా ఉంటుంది, రంగు ఎరుపు వైపు జరిగి 7.5వైఆర్‌కి వస్తుంది, మట్టి పెళ్ల విరిచి చూస్తే గింజల మీద బంక పూత మెరుస్తుంది, లోపలి గ్రానైట్ రాళ్లు కొన్ని సుత్తి అవసరం లేకుండా చేత్తో నలిపితే పొడి అవుతాయి. మన వైపు రోడ్లకి తోలే మొరం ఎలా ఉంటుందో అలాగే, ఎందుకంటే అదీ ఇదీ ఒకే పని, గ్రానైట్‌లో అభ్రకం గింజలు నీళ్లు పీల్చి ఉబ్బి రాయిని లోపలి నుంచి విడగొట్టడం.

తర్వాత 1995లో ఫ్రీమాంట్ లేక్ దగ్గర పైన్‌డేల్ చివరి దిబ్బ మీది బండలకి బెరీలియం-10 చేస్తే దాదాపు 22,000 నుంచి 16,000 ఏళ్లు వచ్చాయి. బుల్ లేక్ దశని రాకీల్లో సాధారణంగా 1,40,000 ఏళ్ల ప్రాంతానికి కడతారు. అంటే రెండింటి మధ్య ఆరేడు రెట్ల తేడా. ఇంత తేడాని మట్టి ఎప్పుడూ పట్టుకుంటుంది. కానీ ఆ 22,000కీ 16,000కీ మధ్య తేడా చూపించమంటే చేతులెత్తేస్తుంది.

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కథ కూడా ఇదే నేర్పుతుంది. అక్కడ తూర్పు వాలులో దిబ్బల్ని చాలా దశలుగా విడగొట్టి పేర్లు పెడుతూ పోయారు. 1979లో బర్క్, బర్క్‌లాండ్ ఇద్దరూ మట్టి, రాళ్ల అరుగుదల, దిబ్బల ఆకారం అన్నీ కలిపి మళ్లీ కొలిచి, ఈ పద్ధతులతో నిజంగా విడదీయగలిగేవి రెండే గుంపులు, కొత్తది టయోగా, పాతది టాహో అని చెప్పారు. కొందరు దీన్ని పద్ధతి వైఫల్యం అంటారు. నాకు మాత్రం అది ఆ పద్ధతి చేసిన గొప్ప మేలు. చేతిలో ఆధారం లేకుండా పేర్లు పెంచుకుంటూ పోవడాన్ని అది ఆపింది.

మట్టికి వయసు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

1941లో మట్టి శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ చెప్పిన సంగతి ఇది: మట్టి ఐదింటి మీద ఆధారపడుతుంది, వాతావరణం, జీవులు, నేల వాలు, అడుగున ఉన్న మూల పదార్థం, కాలం. వయసు కోసం మట్టి చూస్తున్నామంటే మిగతా నాలుగూ అన్ని దిబ్బల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయని ఒప్పుకుంటున్నట్టే. ఒకే లోయలో, ఒకే గ్రానైట్ నుంచి వచ్చిన, ఒకే ఎత్తులో ఉన్న దిబ్బల మధ్య ఇది నడుస్తుంది. లోయ మారితే అనుమానం మొదలవ్వాలి. రాష్ట్రమే మారిపోతే పోలిక మానేయండి.

ఎంత మారుతుందో చూడండి. అలాస్కాలోని గ్లేసియర్ బేలో హిమానీనదం వెనక్కి వెళ్లగానే బయటపడిన నేల మీద ఆల్డర్ పొదలు మొలిస్తే, పైమట్టి పీహెచ్ 8 దగ్గర నుంచి 5 దగ్గరికి అర్ధశతాబ్దం లోపే పడిపోయింది. 1955లోనే అచ్చయిన పరిశీలన ఇది. న్యూజిలాండ్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం ముందు ఏడాదికి మీటర్ల లెక్కన వాన పడుతుంది, అక్కడ మట్టిలోని ఫాస్ఫరస్ కడుక్కుపోయి అడవే బక్కచిక్కడం దాకా మొత్తం కథ ఒకే చోట కనిపిస్తుంది. అదే లేహ్‌లో చూస్తే ఏడాదికి 100 మిల్లీమీటర్ల చిల్లర వాన, దిబ్బ లక్షల ఏళ్లది అయినా మీద మట్టి పొర అనదగ్గది పెద్దగా ఉండదు. కాబట్టి ఎక్కడో చదివిన "ఇంత మందం బీ పొరకి ఇన్ని వేల ఏళ్లు" అన్న లెక్క మీ లోయకి ఎత్తుకురాకండి.

ఇంకో సంగతి, మట్టి మార్పు మొదట వేగంగా నడిచి తర్వాత నెమ్మదిస్తుంది, అదీ ఒక్కో గుణానికి ఒక్కో రకంగా. పైన నల్లపొరలో సేంద్రియ పదార్థం కొన్ని వందల నుంచి కొన్ని వేల ఏళ్లలో ఒక స్థాయికి చేరి ఆగిపోతుంది, కాబట్టి నల్లపొర మందం చూసి పాత దిబ్బ అనడం అర్థం లేని పని. గోధుమరంగు బీ పొర రావడానికి వేల ఏళ్లు పడుతుంది. బంక పేరుకుని పూతలా కట్టడానికి, ఎరుపు ఎక్కడానికి పదివేల ఏళ్ల లెక్కలో కాలం కావాలి. మీ దిబ్బలు ఏ వయసువి అనుకుంటున్నారో ఆ వయసులో ఇంకా మారుతూ ఉన్న గుణాన్నే కొలవండి. గత వెయ్యేళ్ల దిబ్బలకి పీహెచ్, సేంద్రియ కార్బన్ పనికొస్తాయి, లక్ష ఏళ్ల దిబ్బలకి బంక, రంగు, ఇనుము చూడాలి. ఇనుముని ల్యాబ్‌లో రెండు రకాలుగా తీస్తారు, ఆక్సలేట్‌తో కరిగేది, డైథయొనైట్‌తో కరిగేది. వయసు పెరిగేకొద్దీ ఇనుము ఆక్సైడ్లు స్ఫటికాలుగా గట్టిపడతాయి కాబట్టి మొదటిదానికీ రెండోదానికీ ఉన్న నిష్పత్తి తగ్గుతూ పోతుంది. ఖర్చు తక్కువ, మామూలు యూనివర్సిటీ ల్యాబ్‌లో అయిపోతుంది, చేయించి పెట్టుకోండి.

దుమ్ము సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. ఎత్తైన కొండల్లో చలికి రసాయన అరుగుదల మందం. అయినా పైపొరల్లో సిల్టూ (ఇసుక కన్నా సన్నటి మట్టి) బంకా బాగా కనిపిస్తాయంటే అదంతా అక్కడి రాయి అరిగి వచ్చింది కాదు, గాలి మోసుకొచ్చిన దుమ్ము చాలా ఉంటుంది. విండ్ రివర్ పర్వతాల ఎత్తైన చోట్ల కూడా ఇది తేలింది. దుమ్ము వల్ల పద్ధతి పాడైపోదు, ఎందుకంటే పాత దిబ్బ మీద ఎక్కువ కాలం దుమ్ము పడుతుంది. కాకపోతే మీరు కొలుస్తున్నది రాయి అరుగుదల కాదనీ చాలావరకు దుమ్ము లెక్క అనీ తెలిసి ఉండాలి, పక్కనే ఎండిపోయిన సరస్సు గానీ నది ఇసుక మేటలు గానీ ఉన్న దిబ్బకి దుమ్ము ఎక్కువ పడుతుందని గుర్తుంచుకోవాలి. పైపొరలోనూ అడుగు పదార్థంలోనూ జిర్కోనియం, టైటానియం నిష్పత్తి పోల్చి చూస్తే బయటి సరుకు ఎంతుందో ఒక అంచనా వస్తుంది.

ఇక హార్డెన్ సూచిక, అంటే మట్టి ఎంత ముదిరిందో ఒక్క అంకెలో చెప్పే లెక్క. 1982లో జెన్నిఫర్ హార్డెన్ కాలిఫోర్నియాలో మెర్సెడ్ నది మెట్ల (నది కోసుకుని కిందికి దిగిపోగా ఒడ్డున మిగిలిన చదును నేలల) మీది మట్టి వరసతో దీన్ని తయారు చేశారు. బంక పూత, మట్టి మేళవింపు, ఎరుపెక్కడం, కట్టుబడి, పొడిగా ఉన్నప్పటి గట్టిదనం, తడిగా ఉన్నప్పటి గట్టిదనం, రంగు ముదరడం, పీహెచ్, ఈ గుణాల్లో ఒక్కోటి మూల పదార్థం నుంచి ఎంత జరిగిందో లెక్కగట్టి, పొర మందంతో గుణించి, మొత్తం గొయ్యికి కలిపితే ఒక అంకె వస్తుంది. ఫీల్డ్ నోట్సుతోనే అయిపోతుంది కాబట్టి వాడమనే చెబుతాను. అయితే ఆ ఒక్క అంకె మాత్రమే థీసిస్‌లో పెట్టి గొయ్యి వివరాలు దాచేస్తే చదివేవాడికి ఉపయోగం ఉండదు. రెండు గోతులకి ఒకే సూచిక వచ్చినా ఒకదానికి మందం వల్ల, ఇంకోదానికి ఎరుపు వల్ల వచ్చి ఉండొచ్చు. పొరల పట్టిక మొత్తం ఇవ్వండి.

బెరీలియం-10 ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ తడబడుతుంది

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పలుగురాయిలోని ఆక్సిజన్ పరమాణువుల్ని కొట్టి బెరీలియం-10 పుట్టిస్తాయి. సముద్రమట్టం దగ్గర, ధ్రువాల వైపు గ్రాము పలుగురాయిలో ఏడాదికి సుమారు 4 పరమాణువులు, అంతే. కొండల మీద దానికి చాలా రెట్లు ఎక్కువ. బండ పైభాగం నుంచి కొన్ని సెంటీమీటర్ల మందం ముక్క కొట్టి, పలుగురాయి వేరు చేసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించి, యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పరమాణువుల్ని లెక్కపెడతారు. మనదేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సౌకర్యం ఉంది. బెరీలియం-10 అర్ధాయువు దాదాపు 13.9 లక్షల ఏళ్లు, కాబట్టి కొన్ని వందల ఏళ్ల నుంచి లక్షల ఏళ్ల వరకు పరిధి పెద్దది. గత 25,000 ఏళ్ల దిబ్బలకి, మంచి గ్రానైట్ బండలు నిలబడి ఉంటే, దీనికి సాటి లేదు. వాదన అనవసరం.

తప్పు రెండు వైపులా రావొచ్చు. బండ హిమానీనదం మీదకి రాకముందే కొండ గోడలో కాస్మిక్ కిరణాలు తగిలి ఉంటే పాత పరమాణువులు మిగిలి వయసు ఎక్కువ చూపిస్తుంది. దిబ్బ అరిగి లోపలి బండ ఆలస్యంగా బయటపడితే వయసు తక్కువ చూపిస్తుంది. రాయిలో 60 సెంటీమీటర్ల లోతుకి వెళ్లేసరికి ఉత్పత్తి మూడో వంతుకి పడిపోతుంది కాబట్టి, మీటరు మట్టి కింద వేల ఏళ్లు దాగిన బండ తన అసలు వయసు చెప్పలేదు. 2011లో యాకబ్ హేమన్ బృందం ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి వయసులు పోగేసి చూస్తే ఈ రెండో తప్పే ఎక్కువ అని తేలింది.

పాత దిబ్బలకి ఇది పెద్ద సమస్య. లక్ష ఏళ్లలో దిబ్బ శిఖరం మీటర్ల కొద్దీ అణుగుతుంది, బండలు ఒకటొకటిగా బయటపడుతూ పొరలుగా రాలుతూ ఉంటాయి. ఒకే దిబ్బ మీద నాలుగు బండలు కొడితే నాలుగు రకాల వయసులు వస్తాయి. వాటి సగటు తీయడం నాకు అస్సలు నచ్చని పని, ఆ సగటుకి ప్రకృతిలో ఏ సంఘటనా ఉండదు. ఇలాంటప్పుడు మట్టి అడ్డం నిలుస్తుంది. బండలు 45,000 అని చెబుతుంటే గోతిలో మీటరు మందం ఎర్రటి బంక పొర, పొడి అయిన గ్రానైట్ రాళ్లు కనిపిస్తే, అదే లోయలో 20,000 ఏళ్ల దిబ్బలో వాటి జాడే లేకపోతే, నేను మట్టి పక్షం. దిబ్బ ఇంకా పాతది, బండలే ఆలస్యంగా బయటికొచ్చాయి అని రాస్తాను.

కానీ ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సినది ఒకటుంది. బండల్ని బయటపెట్టిన ఆ అరుగుదలే మట్టినీ కోసుకుపోతుంది. శిఖరం మీద బీ పొర పైభాగం పోయి ఉంటుంది, కొట్టుకుపోయిన సన్నమట్టి దిబ్బ అడుగున మేట వేసి ఉంటుంది. కాబట్టి శిఖరం మీద ఒక్క గొయ్యి తవ్వి ఆపేయకండి, శిఖరం, వాలు మధ్య, వాలు అడుగు, ఇలా ఒక వరస తవ్వండి. అడుగున ఒకదాని మీద ఒకటి మేట వేసిన పొరలు కనిపిస్తే శిఖరం ఎంత కోల్పోయిందో అర్థమవుతుంది. మట్టి చెప్పేది కూడా "కనీసం ఇంత" అన్న వయసే.

దిబ్బ దిగి కిందికి రండి

అందుకే నా అసలు సలహా వేరే ఉంది. దిబ్బ ఎదుట హిమానీనదం కరిగిన నీళ్లు పరిచిన కంకర మైదానం ఉంటుంది, నది తర్వాత దాన్ని కోసుకుని కిందికి దిగిపోతే అది మెట్టులా మిగిలిపోతుంది. ఆ మెట్టు దిబ్బకి అతుక్కుని ఉందని నడిచి చూసి, మ్యాపులో గీసి నిర్ధారించుకోండి. చదునుగా ఉంటుంది కాబట్టి అరుగుదల తక్కువ, మట్టి పొరలు పూర్తిగా మిగులుతాయి. గోతిలో పై నుంచి కిందికి వరసగా శాంపిళ్లు తీస్తే బెరీలియం-10 లోతు వరస వస్తుంది, దాంతో పాత పరమాణువుల భాగాన్ని విడిగా లెక్కగట్టొచ్చు. కంకర మధ్య ఇసుక పట్టీ దొరికితే కాంతి పద్ధతికి, అంటే ఇసుక రేణువులు చివరిసారి వెలుగు చూసి ఎన్నేళ్లయిందో చెప్పే ఓఎస్‌ఎల్‌కి, వెలుగు తగలకుండా శాంపిల్ తీసే ట్యూబు కొట్టొచ్చు. అన్ని పద్ధతులూ ఒకే గోతిలో ఒకదాన్నొకటి పరీక్షించుకునే చోటు ఇదొక్కటే. కాళ్లు నొప్పెట్టేలా దిబ్బ ఎక్కి బండలు కొట్టేవాళ్లు చాలామంది, కింద మైదానంలో గొయ్యి తవ్వేవాళ్లు తక్కువ.

విండ్ రివర్ నది మెట్లే రుజువు. పొడి వాతావరణంలో వాననీళ్లు సున్నాన్ని లోపలికి దించి గులకరాళ్ల అడుగున పెంకులా పేరుస్తాయి. ఆ పెంకులో యురేనియం కొద్దిగా ఉంటుంది, అది థోరియంగా మారే లెక్కతో పెంకు వయసు తీయొచ్చు. అక్కడ బుల్ లేక్ దశకి కట్టే మెట్టు మీద ఇలా తీస్తే 1,50,000 ఏళ్ల ప్రాంతం వచ్చింది. అంటే మట్టే తన వయసు తాను అంకెల్లో చెప్పుకుంది. ఇంకా పైనున్న పాత మెట్టులో ఎల్లోస్టోన్ అగ్నిపర్వతం వెదజల్లిన లావా క్రీక్ బూడిద ఉంది, దాని వయసు దాదాపు 6,40,000 ఏళ్లు. ఇలా రెండు మూడు గట్టి మేకులు దొరికిన లోయలో మట్టి వరసకి నిజంగా విలువ పెరుగుతుంది, మిగతా మెట్లని మధ్యలో సర్దుకోవచ్చు. మీ చోటు పొడిగా ఉండి, గులకరాళ్ల కింద తెల్లటి పెంకు కనిపిస్తే బాగా పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి పొంగుతుందో లేదో చూడండి, పొంగితే ఆ పెంకుల్ని పారేయకుండా సంచిలో వేసుకోండి.

మిగతా పద్ధతుల గురించి నాలుగు ముక్కలు

రేడియోకార్బన్‌కి 50,000 ఏళ్లు దాటితే పని లేదు, పైగా దిబ్బలో చెక్కా ఆకూ దొరకడం అరుదు. దిబ్బ వెనక చిక్కుకున్న సరస్సు అడుగు బురదకి తీస్తే దిబ్బ అంతకన్నా పాతది అని తెలుస్తుంది, ఆ "కనీసం" చాలా విలువైనది. లైకెన్ పద్ధతి, అంటే బండల మీద పెరిగే రైజోకార్పన్ మచ్చల వ్యాసం కొలవడం, 1950ల్లో ఆల్ప్స్‌లో రోలాండ్ బెషెల్ మొదలుపెట్టాడు. (బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.) గత కొన్ని వందల ఏళ్ల దిబ్బలకి, అదీ దగ్గర్లో తేదీ తెలిసిన రాతి కట్టడాలో సమాధులో ఉంటేనే వాడండి. ఓఎస్‌ఎల్ బాగుంటుంది కానీ హిమానీనదం మోసుకొచ్చిన మట్టి వెలుగు చూడకుండానే పూడిపోతుంది, పాత సంకేతం మిగిలిపోయి వయసు ఎక్కువ వస్తుంది, అందుకే దిబ్బ లోపల కాకుండా నీళ్లు పరిచిన ఇసుకలోనే ట్యూబు కొట్టమన్నాను. బసాల్ట్, ఆండెసైట్ రాళ్లున్న లోయలో రాయి పగలగొట్టి అరిగిన తొక్క మందం కొలవడం మట్టికి మంచి తోడు. గ్రానైట్‌కి అది అంత కుదరదు.

హిమాలయాలకి వెళ్లేవాళ్లకి

మన తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే విద్యార్థుల్లో ఎక్కువమంది వెళ్లేది లాహౌల్, స్పితి, లదాఖ్, గఢ్వాల్ వైపు. చంద్రా లోయలో బాతల్ దశ దాదాపు 15,500 నుంచి 12,000 ఏళ్లు, కుల్తి దశ 11,400 నుంచి 10,000 ఏళ్లు అని బెరీలియం-10తో తేల్చారు. ఇంత దగ్గర దశల్ని మట్టితో విడదీస్తానని ప్రాజెక్టు ప్రపోజల్ రాస్తే ఒప్పుకోకండి, అక్కడ బండలకే డబ్బు పెట్టండి. మట్టి అక్కడ చేసే పని వేరే: ఏ దిబ్బ మీద కొండచరియ కప్పేసింది, ఏది తిరగబడింది, ఏ బండ చుట్టూ నేల కదలకుండా ఉంది అన్నది చెబుతుంది, బండ ఎంచుకోవడానికి అది చాలు. లదాఖ్‌లో మట్టి మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ ఎడారిలో అరుగుదల చాలా తక్కువ కాబట్టి లేహ్ దగ్గర సింధు లోయ దిబ్బల మీది బండలకి 4 లక్షల ఏళ్లు దాటిన వయసులు కూడా వచ్చాయి. బండలే నడవనివ్వండి.

అన్నిటికన్నా ముందు, అది నిజంగా మొరైనేనా? కారకోరంలో మొరైన్లని రాసేసిన చాలా దిబ్బలు అసలు పెద్ద కొండచరియలు కూలి పడినవని కెన్నెత్ హ్యువిట్ చూపించాడు. చరియ కూలిన దిబ్బకి ఎంత చక్కటి వయసు తీసినా దాని నుంచి వాతావరణ చరిత్ర రాయలేం.

గోదావరి లోయ బొగ్గు పొరల కింద ఉన్న తాల్చిర్ రాళ్ల గురించి కూడా అడుగుతుంటారు. అవి హిమానీనదాలు వదిలినవే, కానీ దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటివి. వాటి మీద ఇప్పుడున్న మట్టి, ఆ రాయి మళ్లీ బయటపడిన తర్వాతి కథ మాత్రమే చెబుతుంది.

గొయ్యి దగ్గర చేయాల్సినవి

అనుమతి ముందు తీసుకోండి, అటవీ భూమో రక్షిత ప్రాంతమో అయితే తప్పనిసరి. ఒక్కో దిబ్బకి కనీసం మూడు గోతులు, ఒక్కోటి మారని అడుగు పదార్థం కనిపించేదాకా, ఎక్కువసార్లు అది మీటరు దాటుతుంది. పెద్ద చెట్టు కూలిన గుంట, ఎలుకలు తవ్విన చోటు, నీళ్లు నిలిచే పల్లం వదిలేయండి. మూల పదార్థం ఎలా ఉంటుందో తెలియాలంటే ఇప్పటి హిమానీనదం ముందు నిన్నమొన్న పడిన మట్టి ఒక సంచి తెచ్చుకోండి, పోలికంతా దానితోనే. రంగు తడిపీ పొడిగానూ రెండుసార్లు, నీడలో కాకుండా వెలుగులో, వీలైతే ఇద్దరు విడివిడిగా చూసి రాయండి. రాళ్ల శాతం రాయడం మర్చిపోకండి, గోతిలో సగం రాళ్లే అయితే వచ్చిన దుమ్మూ బంకా మిగిలిన సగంలోనే పేరుకుంటాయి, మట్టి ఉన్నదానికన్నా ముదిరినట్టు కనిపిస్తుంది. పని అయ్యాక పొరల వరస ప్రకారమే పూడ్చేయండి, మేకలు పడి కాళ్లు విరగ్గొట్టుకుంటే ఆ ఊరివాళ్లు ఇంకో విద్యార్థిని రానివ్వరు.

థీసిస్ రాసేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త. మీ మట్టి వరసకి అంకెలు పక్క దిబ్బ బెరీలియం వయసుల నుంచే తెచ్చుకుని, తర్వాత "మట్టి వయసు, బెరీలియం వయసు రెండూ సరిపోయాయి" అని రాయకండి. అది ఒకే సాక్షిని రెండుసార్లు పిలవడం. ఏ దిబ్బలతో కొలబద్ద కట్టారో, ఏ దిబ్బల్ని దానితో కొలిచారో రెండు వేర్వేరు పట్టికల్లో పెట్టండి. మట్టితో వచ్చిన వయసుని ఒక్క అంకెగా కాకుండా "గత మంచుయుగానికి ముందుది, బుల్ లేక్‌తో పోల్చదగ్గది" అన్నట్టు జట్టుగానే రాయండి. వైవాలో "ఎన్నేళ్లు?" అని గుచ్చి అడిగితే, ఆ ప్రశ్నకి ఏ గోతిలో, ఏ లోతులో, ఏ శాంపిల్ తీసి ఏ ల్యాబ్‌కి పంపితే జవాబు వస్తుందో చెప్పగలిగేలా సిద్ధంగా వెళ్లండి.